కొత్త ఊరిలో బాడుగ విమానము

ఉద్యోగరీత్యా డల్లాసు నుండి శాన్‌హోజేకు సంసారమును తరలించుకొను తెలుగు ఇంజనీరు, ఇల్లెక్కడ, పిల్లల బడి ఎక్కడ, గోంగూర దొరకు అంగడి ఎక్కడ అను విచారములు తీరిన పిమ్మట, ప్రైవేటు పైలట్ లైసెన్సు గలవాడైనచో మరియొక విచారమున పడును: ఇక్కడ విమానమును ఎవరియొద్ద బాడుగకు తీసికొనవలెను? మన దేశమున పెరిగినవారికి ఈ ప్రశ్నయే వింతగా తోచవచ్చును. జె.ఆర్.డి. టాటా 1929లో లైసెన్సు పొందిన నాటినుండియు భారతదేశమున ఫ్లయింగ్ క్లబ్బులు లేకపోలేదు. హైదరాబాదు బేగంపేటకును వాటితో పాత పరిచయమే కలదు. అయినను నేడు ఫ్లయింగ్ క్లబ్బు పేరు వినగానే మనవారికి స్ఫురించునది వృత్తి పైలట్లను తయారుచేయు పాఠశాల మాత్రమే. అమెరికాలో అట్లు కాదు. పదునేడేండ్లు నిండి, కనీసము 40 గంటల అభ్యాసము చేసి, పరీక్షలందు నెగ్గిన వైద్యుడో, ఉపాధ్యాయుడో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగియో శనివారమునాడు నాలుగు సీట్ల విమానమును గంటల లెక్కన తీసికొని, ఆలుబిడ్డలను ఎక్కించుకొని, నూరు మైళ్ల దూరమునందలి ఊరికి పోయి, అచ్చట భోజనము చేసి, ప్రొద్దు క్రుంకకమునుపే ఇల్లు చేరవచ్చును.

అట్టివానికి మార్గములు స్థూలముగా రెండు. విమానాశ్రయమున శిక్షణాలయమును నడుపుచు విమానములను బాడుగకిచ్చు వ్యాపారసంస్థ మొదటిది. అందు చందాలు సాధారణముగా ఉండవు, ఎగిరిన గంటలకే సొమ్ము. రెండవది క్లబ్బు. ఇందులోను సభ్యులు వాటాధనము చెల్లించి విమానమునకు తామే యజమానులగు చిన్న సంఘములు కొన్ని, నెలసరి చందా పుచ్చుకొని ఇతరుల విమానములను సభ్యులకు సమకూర్చు పెద్ద సంఘములు కొన్ని. నెలకొక గంట ఎగురువానికి చందా దండుగ కావచ్చును. తరచుగా ఎగురువానికి గంటధరలోని తగ్గింపువలన అది తీరిపోవును. వాటా కొనువాడు మాత్రము, తాను ఊరు విడుచునాడు ఆ ధనము వెంటనే చేతికి వచ్చునా, లేక తన స్థానమున వేరొక సభ్యుడు దొరకువరకు వేచియుండవలెనా అనునది ముందే వ్రాతమూలకముగా తెలిసికొనుట మేలు.

ధరల పట్టికలు రెండు పక్కపక్కన పెట్టుకొని చూచినంతమాత్రమున ఏది చౌకయో తేలదు. కొందరు ఇంధనముతో కూడిన ధర చెప్పుదురు, కొందరు ఇంధనము విడిచి చెప్పుదురు. సెస్నా 172 వంటి విమానము గంటకు ఎనిమిది తొమ్మిది గాలన్లు త్రాగును గనుక ఈ అంతరము చిన్నది కాదు. కాలమును కొలుచుటలోను భేదము కలదు. హాబ్స్ మీటరు ఇంజను నడచుచున్నంతసేపును సమానముగా తిరిగి గంటలో పదవవంతుల చొప్పున లెక్క చూపును. టాక్ మీటరు ఇంజను భ్రమణవేగమును అనుసరించునది గనుక, విమానము రన్‌వే వైపు నేలమీద మెల్లగా సాగునప్పుడును, వరుసలో నిలిచి టవరువారి అనుమతికై నిరీక్షించునప్పుడును అది మందగించును. రద్దీ గల విమానాశ్రయమున హాబ్స్ లెక్కన గంటకు 150 డాలర్లు చెప్పిన సంస్థకంటె టాక్ లెక్కన 160 చెప్పిన సంస్థయే చివరకు చౌక కావచ్చును. రాత్రి బసకు విమానమును తీసికొనిపోవు తలంపు ఉన్నవారు, రోజుకు కనీసము ఇన్ని గంటలకు చెల్లించితీరవలెనను నియమమున్నదేమో అదియు అడుగవలెను.

ఇది యంతయు డబ్బు సంగతి. నాకు ముఖ్యముగా తోచునది వేరు. ఏ సంస్థనైనను అది విమానమునందలి లోపములతో ఎట్లు వ్యవహరించునో చూచి ఎన్నుకొనవలెనని నా దృఢాభిప్రాయము. ప్రతి విమానమునకును ఒక లోపముల పుస్తకమో, కంప్యూటరులో ఒక పట్టికయో ఉండును. ఎగిరివచ్చిన పైలట్ తనకు కనబడిన లోపమును అందు వ్రాయును. మెకానిక్ దానిని సరిచేసి, ఏమి చేసెనో, ఏనాడు చేసెనో వ్రాసి సంతకము చేయును. కొత్తగా వచ్చినవాడు అరగంటసేపు కూర్చుండి గడచిన ఆరు మాసముల పుటలు చదివినయెడల ఆ సంస్థ స్వభావము సర్వము బోధపడును. ‘ఎడమ బ్రేకు మెత్తగా ఉన్నది’ అని మార్చిలో ఒకరు, ఏప్రిల్‌లో ఒకరు, మే నెలలో మరియొకరు వ్రాసియుండి, దాని కెదురుగా గడి ఖాళీగానే ఉన్నచో ఆ పుస్తకమును మూసి లేచిరావచ్చును. అట్లుగాక, ఎగురుటకు ముందు చేయు మాగ్నెటో (జ్వలన పరికరము) పరీక్షలో ఇంజను తడబడినదని శనివారము ఉదయము ఒకరు వ్రాయగా, ఆ క్షణముననే విమానము ఎగురరాదని నిలిపివేయబడి, మంగళవారమునాడు స్పార్క్ ప్లగ్గులు మార్చి నేలమీద నడిపి చూచితినని మెకానిక్ సంతకము చేసియున్నచో, వారాంతపు బాడుగలన్నిటిని పోగొట్టుకొనుటకైనను సిద్ధపడిన సంస్థ అదియని గ్రహింపవచ్చును. లోపమేదియు వ్రాయబడని పుస్తకము అన్నిటికంటె ఎక్కువ అనుమానింపదగినది. ఏలయన ఏబదియేండ్ల యంత్రము నెలల తరబడి ఏ చిన్న చిక్కును లేక తిరుగుట నమ్మశక్యము కాదు.

ఏబదియేండ్లనిన పాఠకులు వెరవవచ్చును గనుక దాని కారణమును చెప్పెదను. సెస్నా 172 విమానము 1956 నుండి అమ్మకమునకు వచ్చి, నేటికి 44,000కు మించి తయారై, ప్రపంచమున మరే విమానమును అందుకొనలేని సంఖ్యకు చేరినది. కాని ప్రమాదముల పిమ్మట తయారీదారులపై వేయబడు నష్టపరిహార వ్యాజ్యముల భారమువలన 1986లో దాని ఉత్పత్తి నిలిచిపోయెను. పదునెనిమిదేండ్లు దాటిన చిన్న విమానముల విషయమున తయారీదారుని బాధ్యతకు హద్దు విధించు చట్టమును అమెరికా కాంగ్రెసు 1994లో చేసిన తరువాతనే, 1996లో దాని ఉత్పత్తి మరల మొదలైనది. నడుమ ఆ పదేండ్లు లోటైపోవుటచేత 1970 ప్రాంతపు విమానములే నేటికిని బాడుగకు విరివిగా దొరకును. విమానము ఎంత పాతదైనను పండ్రెండు మాసముల కొకసారి సమగ్ర తనిఖీ జరుగవలెను. సంస్థ తన శిక్షకునితో తన విమానముననే సొమ్మునకు శిక్షణ ఇచ్చుచున్నచో, అదిగాక నూరు గంటల కొకమారు వేరొక తనిఖీ తప్పదు. రాడార్‌కు సమాధానమిచ్చు ట్రాన్స్‌పాండరుకు ఇరువదినాలుగు మాసముల గడువు, ప్రమాదసమయమున సంకేతము పంపు ఈఎల్‌టీ పరికరమునకు పండ్రెండు మాసముల గడువు విధింపబడినవి. విమానదేహమునకు, ఇంజనుకు, ప్రొపెల్లరుకు ఉంచు లాగ్‌బుక్కులలో ఈ తేదీలన్నియు ఉండవలెను. తోక దరి ‘ఎన్’ అక్షరముతో మొదలగు నంబరును బట్టి, ఆ విమానము ఎన్నడైన ప్రమాదమున చిక్కుకొన్నదేమో జాతీయ రవాణా భద్రతా మండలి వారి దస్తరములలో వెదకి తెలిసికొనుటకును అవకాశము కలదు. 1962 నుండి జరిగినవానిని అందరికిని అందుబాటులో ఉంచినారు.

పుస్తకములు చదివిన పిమ్మట ఒక ఉదయము విమానములు బారులు తీరి నిలుచు చోటికి పోయి, సభ్యులు ఇంధనమును పరీక్షించు తీరును గమనింపవలెను. రెక్క క్రింది చిన్న మీటను పారదర్శకమగు గొట్టముతో పైకి నొక్కగా కొంచెము పెట్రోలు అందులోనికి దిగును. సాధారణముగా వాడు సీసము కలిసిన పెట్రోలైనచో అది లేతనీలపు రంగుననుండవలెను. నీరు పెట్రోలుకంటె బరువైనది గనుక రాత్రి మంచువలన టాంకులో చేరిన నీరు గొట్టము అడుగున రంగులేని బొట్టుగా నిలిచి కనబడును. పాత 172లలో ఈ మీటలు రెండు మూడు మాత్రమే ఉండగా, 1996 తరువాతి వానిలో పదమూడు ఉన్నవి. ఆ పదమూడింటిని ఒక్కొక్కటిగా, తొందరలేక, గొట్టమును వెలుతురునకు ఎత్తిపట్టి చూచు సభ్యులు గల క్లబ్బునందు కొత్తవాడు నిశ్చింతగా చేరవచ్చును.

తరువాతిది చెక్‌అవుట్. లైసెన్సు ఎన్నియేండ్ల పాతదైనను, కొత్త సంస్థ తన శిక్షకుని పక్కన కూర్చుండబెట్టి పరీక్షించి గాని విమానము నీయదు. రెండేండ్ల కొకసారి శిక్షకునితో సమీక్ష, ప్రయాణికులను ఎక్కించుకొనుటకు గడచిన 90 దినములలో మూడు టేకాఫులు, మూడు లాండింగులు అనునవి ప్రభుత్వ నియమములు. క్లబ్బులు వీటిపై తమ నియమములను చేర్చుకొనును. మూడుమార్లు దిగి చూపగానే తాళము చేతికిచ్చు శిక్షకుని మెచ్చుకొనువారు కలరు. నేనుమాత్రము, విమానము గాలిలో పట్టుతప్పు స్థితినుండి తేరుకొనుటను, ఇంజను ఆగినచో దిగుటకు పొలము వెదకుటను చేయించి, చాలదని మరియొకనాడు రమ్మను శిక్షకునినే కోరుదును.

ఏలయన ఊరు మారినపుడు ఆకాశమును మారును. శాన్‌హోజే పరిసరములనే చూడుడు: శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయమును చుట్టుకొని పదివేల అడుగుల ఎత్తువరకు వ్యాపించిన ‘క్లాస్ బి’ గగనసీమలో కంట్రోలరు స్పష్టముగా అనుమతి ఇచ్చినగాని ప్రవేశింపరాదు, ఆ చేరువనే పాలో ఆల్టో రన్‌వే పొడవు సుమారు 2,400 అడుగులు మాత్రమే, వేసవి ఉదయములందు సముద్రమునుండి వచ్చు మబ్బుదుప్పటి ఎప్పుడు వీడునో స్థానికులకే తెలియును. రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయమున 2022 జనవరి 1 నుండి సీసము కలిసిన పెట్రోలు అమ్మకము నిలిపివేసిరి. కావున అక్కడి విమానము నెక్కువాడు దాని ఇంజనుకు ఏ ఇంధనము అనుమతింపబడినదో తప్పక అడుగవలెను. డెన్వరుకు పోయినవానికి చిక్కు వేరు. అచ్చటి సెంటెన్నియల్ విమానాశ్రయము 5,885 అడుగుల ఎత్తున ఉన్నది. ఎండ ముదిరిన మధ్యాహ్నమున గాలి పలుచనై, విమానము తొమ్మిదివేల అడుగుల ఎత్తునందువలె మెల్లగా లేచును. సముద్రమట్టమునకు చేరువగా ఎగురుట నేర్చినవాడు నాలుగు సీట్లును నింపుకొని అక్కడ ఎగురబూనుట ప్రాణాపాయము. ఇది చెప్పి ఆపు శిక్షకుడున్నచోటికే పోవలెను.

బీమాను గూర్చి చాలమంది పొరపడుదురు. క్లబ్బుకు బీమా కలదన్నంతమాత్రమున పైలట్‌కు రక్షణ కలదని అర్థము కాదు. విమానము చెడినపుడు బీమా సంస్థ యజమానికి సొమ్ము చెల్లించి, ఆ సొమ్మును పైలట్‌నుండి రాబట్టుటకు పూనుకొనవచ్చును. అట్లు చేయనని ఒప్పుకొన్న పాలసీయో కాదో చదివిచూచి, కానిచో బాడుగ పైలట్లకై వేరుగా అమ్ము పాలసీని తీసికొనవలెను.

ముందుగా పెద్దమొత్తము కట్టినచో గంటధర తగ్గింతుమను సంస్థల విషయమున నేను నిర్మొగమాటముగా వద్దనియే చెప్పుదును. 2008 ఫిబ్రవరిలో నెవాడా కేంద్రముగా నడిచిన పెద్ద హెలికాప్టరు శిక్షణ సంస్థ ఒకటి ఉన్నట్లుండి మూతబడగా, అప్పులు చేసి ముందే ఫీజు కట్టిన విద్యార్థులు వీధిన పడిరి. పదిగంటలకు మించిన సొమ్మును ఎవరియొద్దను నిలువ ఉంచరాదు.

మనవారు మరువరాని విషయము ఇంకొకటి కలదు. అమెరికా పౌరులు కానివారు, గ్రీన్‌కార్డు గలవారు సైతము, తొలి లైసెన్సుకో, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగుకో, రెండింజనుల విమానపు రేటింగుకో శిక్షణ మొదలుపెట్టుటకు ముందు రవాణా భద్రతా సంస్థయగు టీఎస్ఏ అనుమతి పొందవలెను. ఈ కాగితముల పని తెలిసి ఇదివరకే చేయుచున్న సంస్థను ఎన్నుకొన్నచో నెలల కాలము కలిసివచ్చును.

కావున కొత్త ఊరు చేరిన పైలట్ సోదరీసోదరులకు నా మనవి ఇది: సభ్యత్వ పత్రముపై సంతకము చేయుటకు ముందు లోపముల పుస్తకమును, లాగ్‌బుక్కులను చూపుడని అడుగుడు, గాలివాటము బాగులేదని నిన్న విమానము రద్దు చేసికొన్న సభ్యుడెవరైన ఉన్నచో, ఆ రద్దునకు రుసుము వసూలు చేసితిరా అనియు అడుగుడు. పుస్తకము చూపని సంస్థలోను, వాతావరణమును చూచి ఆగిపోయినవానిని దండించు సంస్థలోను, గంటధర ఎంత తక్కువయైనను చేరవలదు.