“ఒకసారి స్టేషనుకు వచ్చి పొండి”

పోలీసు గుమ్మంలో నిలబడి ఈ మాట అన్నాడంటే మన ఇళ్ళల్లో జరిగేది ఒక్కటే. ఇంటాయన గబగబా చొక్కా తొడుక్కుంటాడు. ఇల్లాలు దేవుడి పటం ముందు నిలబడుతుంది. పెద్దవాళ్ళు “తెలిసినవాళ్ళెవరైనా వున్నారా?” అని ఆరా తీస్తారు. గడియారం వంక చూసేవారు మాత్రం వుండరు. నన్నడిగితే ముందు చూడవలసింది దాన్నే!

అరెస్టయిన మనిషికి కారణం చెప్పాలి, వకీలుతో మాట్లాడనివ్వాలి, ప్రయాణకాలం మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి అంటుంది రాజ్యాంగం 22వ అధికరణం. బాగానే వుంది. కాని ఆ గంటలు ఎప్పటినుంచి లెక్క? చిక్కంతా అక్కడే వుంది. మనిషిని తీసుకుపోయింది సోమవారం పొద్దున. కాగితం మీద అరెస్టు బుధవారం సాయంత్రం. మధ్యలో ఏమైనట్టు? “అబ్బే, అరెస్టు కాదండీ, విచారణకు పిలిచాం” అంటారు. దెబ్బలు పడేది సాధారణంగా ఆ లెక్కలోకి రాని గంటల్లోనే. మనిషిని అదుపులోకి తీసుకున్న క్షణంనుంచే 24 గంటలూ లెక్కించాలని 2024లో తెలంగాణ హైకోర్టు తేల్చి చెప్పింది.

పోలీసులకు అధికారమే వుండకూడదని నేననడం లేదు. ఇంట్లో దొంగ పడితే మనం పరుగెత్తేదీ అక్కడికే కదా!

1986లో పశ్చిమ బెంగాల్‌కు చెందిన డి.కె. బసు లాకప్పు చావుల గురించి పత్రికల్లో వచ్చిన వార్తలు చూపుతూ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే పిటిషనుగా స్వీకరించారు. తీర్పు రావడానికి మాత్రం పదేళ్ళు పట్టింది. అరెస్టు చేసే పోలీసుకు పేరు బిళ్ళ వుండాలి. తేదీ, వేళ వేసి మెమో రాయాలి. ఇంటివాళ్ళలో ఒకరో, ఆ పేట పెద్దమనిషో సాక్షి సంతకం చెయ్యాలి. బంధువుకో స్నేహితుడికో కబురు అందాలి అన్నది 1996 నాటి ఆ తీర్పు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఇవి వున్నాయి.

ఇక ఆడవాళ్ళ సంగతి. ఒరిస్సాకు ముఖ్యమంత్రిగా చేసిన నందినీ సత్పతినే కటక్‌లో స్టేషనుకు రమ్మని ప్రశ్నల కాగితం చేతికిచ్చారు. ఆవిడ జవాబివ్వనన్నారు. తన నేరానికి తానే సాక్ష్యం చెప్పుకోనక్కరలేదన్న హక్కు కోర్టుబోనులోనే కాదు, పోలీసు విచారణలోనూ వుందని 1978లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆడదాన్ని స్టేషనుకు పిలిపించడం తప్పని మందలించింది కూడా. విషయం తెలిసిన వ్యక్తిగా ప్రశ్నించదలిస్తే స్త్రీలనూ, అరవై దాటిన మగవాళ్ళనూ ఇంటి దగ్గరే అడగాలి.

సినిమాలో ఇనస్పెక్టరు లాఠీ ఎత్తగానే దొంగ ఒప్పుకుంటాడు, కథ తేలిపోతుంది. కోర్టులో అలా కుదరదు. పోలీసు ముందు ఒప్పుకున్న మాట ముద్దాయి మీద సాక్ష్యం కాదు. ఆ మాటవల్ల సొత్తు దొరికితే, అంతమేరకు చెల్లుతుంది.

కనుక మర్యాదగానే “నోటీసు ఇస్తారా?” అని అడగండి. తీసుకుపోతే వేళ రాసుకోండి, వెంట ఒకరిని పంపండి. మనిషి జాడ చెప్పకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ వెయ్యవచ్చు. వకీలుకు డబ్బు లేదని దిగులుపడేవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళాలి. కస్టడీలో వున్న మనిషికి, ఆదాయమెంత అని చూడకుండా, అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.