54 అంటే ఏమిటి?

'మాల్‌ఫంక్షన్ 54'... తెరమీద కనిపించింది అంతే!

1986 మార్చిలో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, టైలర్ పట్టణంలో ఓ క్యాన్సర్ రోగికి థెరాక్-25 యంత్రంతో రేడియేషన్ ఇస్తుండగా వచ్చిన సందేశమది. దానికి అర్థమేమిటో ఆపరేటర్‌కి ఇచ్చిన మాన్యువల్‌లో లేదు. యంత్రానికి ఉన్న కాగితంలో మాత్రం 'డోస్ ఇన్‌పుట్ 2' అని రాసుంది. అంటే మోతాదు మరీ ఎక్కువగానో, మరీ తక్కువగానో వెళ్లిందని! ఆ సంగతి తర్వాతెప్పుడో కంపెనీ సాంకేతిక నిపుణుడు చెబితేగానీ తెలియలేదు. చిన్నాచితకా లోపాలతో యంత్రం ఆగడం మామూలే కాబట్టి ఆపరేటర్ 'కొనసాగించు' మీట నొక్కారు. రోగికి రెండోసారీ రేడియేషన్ తగిలింది. ఐదు నెలలకు ఆయన చనిపోయారు.

అసలు తప్పు సాఫ్ట్‌వేర్‌దే. కానీ 54 పక్కన 'ఆపండి, రోగిని చూడండి' అని ఓ ముక్క ఉంటే రెండో దెబ్బయినా తప్పేదేమో!

అలాంటి ముక్కలు రాయడమే టెక్నికల్ రైటర్ ఉద్యోగం. హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనూ వీళ్లున్నారు. కోడ్ రాసినవాళ్లను 'ఇది నొక్కితే ఏమవుతుంది? నొక్కకపోతే?' అని విసిగించడం వీళ్ల పనిలో సగం.

మూత చేతికొచ్చాక...

'కుక్కర్ మూత తీయండి. అంతకుముందు ఆవిరంతా పోయిందో లేదో చూసుకోండి' అని రాస్తే వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ చదువుతూ చేసేవాళ్లు రెండో వాక్యానికి వచ్చేసరికి మూత చేతిలో ఉంటుంది. అందుకే హెచ్చరిక ఎప్పుడూ ముందుండాలి.

విమానాల మరమ్మతు పుస్తకాలకైతే దీనికో శాస్త్రమే ఉంది. ఇంగ్లిష్ మాతృభాష కాని మెకానిక్‌లకూ అర్థమవ్వాలని యూరప్ విమాన పరిశ్రమ 1986లో సరళమైన ఇంగ్లిష్ నియమావళిని తెచ్చింది. ఇప్పుడది ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100. పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు. ఒక మాటకి ఒకే అర్థం. 'క్లోజ్' అంటే మూయడమే, 'దగ్గర' అని చెప్పాలంటే 'నియర్' అనాల్సిందే. 'ఫాలో' అంటే తర్వాత రావడం, సూచనల్ని పాటించడానికి 'ఒబే' ఉంది. చాదస్తంలా అనిపిస్తుందిగానీ, అర్ధరాత్రి విమానం కింద టార్చిలైటు పట్టుకుని చదివే మనిషికి ఆ చాదస్తమే దిక్కు.

ఇప్పుడు కృత్రిమ మేధ చిత్తుప్రతిని క్షణాల్లో ఇచ్చేస్తోంది. అయితే యంత్రం దగ్గర నిలబడి ఆ మీట నిజంగా అక్కడే ఉందో లేదో చూడాల్సింది మనిషే. తర్వాత అసలు పరీక్ష... ఏమీ తెలియని ఒకర్ని కూర్చోబెట్టి పుస్తకం చేతికివ్వడం. రాసినవాళ్లు పక్కనే ఉండొచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. 'అది కాదండీ, పైన చూడండి' అన్నారంటే ప్రతి పుస్తకంతోపాటు రైటర్‌నీ పార్సిల్ చేయాలి మరి! ఆ కొత్తమనిషి ఎక్కడ ఆగితే అక్కడి వాక్యం కొట్టేసి తిరగరాయాలి. రెండోసారి పరీక్షకు ఇంకో కొత్తమనిషిని వెతుక్కోవాలి. మొదటాయనకు దారి తెలిసిపోయిందిగా!