మూడో గ్లాసు అక్కరలేని మార్పిడి

మీ ముందు ఒక గ్లాసులో పాలు, మరో గ్లాసులో నీళ్ళు ఉన్నాయి. పాలను నీళ్ళ గ్లాసులోకి, నీళ్ళను పాల గ్లాసులోకి మార్చాలి. ఎలా? మూడో గ్లాసు కావాలంటారు కదూ! కంప్యూటరుకూ ఇలాంటి చిక్కే వస్తుంది.

ఒక తరగతి హాజరుపట్టీని కంప్యూటరులో పట్టికగా రాశామనుకోండి. సమాచారాన్ని ఇలా పట్టికలుగా అమర్చే పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించాడు. ఒకే నంబరు ఇద్దరికి ఉండకూడదని కంప్యూటరుకు ముందే నియమం పెడతాం. లేకపోతే ఒకరి మార్కులు మరొకరికి పడిపోవచ్చు!

కమల నంబరు 7, రఫీ నంబరు 8. వీటిని తారుమారు చెయ్యాలి. కమలకు 8 ఇవ్వబోతే, అది రఫీదంటూ కంప్యూటరు ఒప్పుకోదు. ముందు రఫీకి 7 ఇవ్వబోయినా అంతే. కమలకు కాసేపు 999 ఇవ్వవచ్చు. అదే మూడో గ్లాసు! కాని 40 మంది నంబర్లను ఇలా జతలుగా మార్చాలంటే ప్రతి జతలో ఒకరిని రెండుసార్లు మార్చాలి.

దీనికి మరో ఉపాయం ఉంది. తనిఖీని పని ముగిసేదాకా వాయిదా వెయ్యడం! పోస్ట్‌గ్రెస్ అనే ప్రోగ్రాము 2010 నుంచి ఈ పని ఎలా చేస్తున్నదో చూడండి.

పుస్తకం చివర పదాల సూచిక ఉన్నట్లే, పట్టికకూ నంబర్ల సూచిక ఉంటుంది. కమలకు 8 రాసేటప్పుడు కంప్యూటరు సూచికలో వెతుకుతుంది. అక్కడ రఫీ కనిపిస్తాడు. అయినా కాదనదు. 8 రాసేసి, "ఇక్కడ అనుమానం ఉంది" అని విడిగా ఒక చీటీ పెట్టుకుంటుంది. తరువాత రఫీకి 7 ఇస్తుంది. కమల ఆ నంబరు వదిలేసింది గనుక ఇక్కడ అనుమానం లేదు.

పని పూర్తయ్యాక చీటీ తీసి చూస్తుంది. 8వ నంబరు ఇప్పుడు ఒక్కరిదే. మార్పులు ఖాయం! ఇంకా ఇద్దరుంటే మాత్రం మార్పులన్నీ రద్దయి, పాత నంబర్లే నిలుస్తాయి. పట్టికలో లక్ష పేర్లున్నా, మళ్ళీ చూసేది చీటీలున్న చోట్లే. అయితే చీటీలు ఎక్కువైతే వాటికి జ్ఞాపకశక్తిలో చోటు కావాలి. తప్పు కూడా ఆలస్యంగా బయటపడుతుంది.

మీరూ చేసి చూడండి. అయిదు పేర్లకు 1 నుంచి 5 వరకు నంబర్లివ్వండి. మొదటివారితో మొదలుపెట్టి ఒక్కొక్క నంబరు పెంచండి. నాలుగు అనుమానపు చీటీలు వస్తాయి. చివరివారితో మొదలుపెడితే ఒక్కటీ రాదు! కాని కమల, రఫీల విషయంలో ఏ వరుసా పనికిరాదు. ఎందుకో చెప్పగలరా?