నిర్వహణశాస్త్రంలో పరిశోధనా డాక్టరేటు, వృత్తిపర డాక్టరేటు: ఒక పరిశీలన

వ్యాపార నిర్వహణ రంగంలో అత్యున్నత పట్టా నేడు ముఖ్యంగా రెండు పేర్లతో లభిస్తుంది. ఒకటి పిహెచ్.డి.; రెండవది డి.బి.ఎ., అనగా డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్. ఏది పొందినా పేరుకు ముందు ‘డాక్టర్’ అని వ్రాసుకోవచ్చు. అందువలన రెండూ ఒకటేనని కొందరు, రెండవది మొదటిదానికి సులభమార్గమని మరికొందరు భావిస్తుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ సరియైనవి కావని మేము తలస్తున్నాము. వేదాంత విద్యలో డి.టిహెచ్.కు, డి.మిన్.కు గల భేదము ఎరిగిన మన పాఠకులకు ఈ విషయము కొత్తగా తోచదు. ఆసుపత్రులను, కళాశాలలను, సేవాసంస్థలను నడుపుతూ నడివయస్సులో డాక్టరేటు చేయదలచినవారు దీనికై కొన్ని సంవత్సరాల కాలాన్ని, కొన్నిసార్లు లక్షల రూపాయలను వెచ్చించవలసి ఉంటుంది. కాబట్టి చేరకముందే భేదము తెలుసుకొనుట మంచిది.

1. చారిత్రక నేపథ్యము

అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయం 1920లో వ్యాపారశాస్త్రంలో పిహెచ్.డి. కార్యక్రమాన్ని ప్రారంభించి, 1922లో తొలి పట్టాను ప్రదానం చేసింది. హార్వర్డ్ బిజినెస్ స్కూలు మాత్రం అనేక దశాబ్దాలు తన పరిశోధక విద్యార్థులకు డి.బి.ఎ. అనే పట్టానే ఇచ్చింది. పేరు డి.బి.ఎ. అయినప్పటికీ అది పూర్తికాల పరిశోధనా శిక్షణే; దానిని పొందినవారిలో ఎక్కువమంది ఆచార్యులయ్యారు. 2018లో హార్వర్డ్ దాని స్థానంలో పిహెచ్.డి.ని ప్రవేశపెట్టింది. పట్టా పేరును మాత్రమే చూచి దాని స్వభావాన్ని నిర్ణయించరాదనడానికి ఇది చక్కని నిదర్శనము.

1959లో ఫోర్డ్ ఫౌండేషన్ కొరకు గోర్డన్, హోవెల్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు, కార్నెగీ కార్పొరేషన్ కొరకు పియర్సన్ సమర్పించిన నివేదికలు వ్యాపార విద్యలో శాస్త్రీయత కొరవడిందని విమర్శించాయి. ఆ తరువాత బిజినెస్ స్కూళ్లు పరిశోధనలో శిక్షణ పొందిన అధ్యాపకులకు పెద్దపీట వేశాయి. క్రమంగా మరొక ఫిర్యాదు బయలుదేరింది: పరిశోధన పెరిగింది గాని, సంస్థలు నడిపేవారికి అది అందుబాటులో లేకుండా పోయిందని. ఈ అగాధాన్ని పూడ్చడానికే 1990ల నుండి బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాలలో వృత్తిపర డి.బి.ఎ. విస్తరించింది. అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం 1995లో, జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం 2009లో ఉద్యోగంలో ఉన్న నిర్వాహకుల కొరకు డాక్టరేటు కార్యక్రమాలను ఆరంభించాయి.

2. ప్రశ్న ఎక్కడ పుడుతుంది?

రెండు పట్టాల మధ్యగల మౌలిక భేదము పరిశోధన ప్రశ్న పుట్టే చోటులో ఉన్నదని మా అభిప్రాయము. ఒక ఉదాహరణ తీసుకుందాము. ఆసుపత్రులలో నర్సులు ఉద్యోగం మానివేయడం పరిశోధనాంశము అనుకొందాము.

పిహెచ్.డి. విద్యార్థి ఇదివరకు వెలువడిన పరిశోధనను చదివి, అందులోని లోటును గుర్తిస్తాడు. పై అధికారి న్యాయంగా ప్రవర్తిస్తే ఉద్యోగి సంస్థలో నిలుస్తాడని ఒక సిద్ధాంతము చెబుతున్నదనుకోండి. జీతము తక్కువైనచోట కూడ ఆ సంబంధము నిలుస్తుందా అని అతడు ప్రశ్నిస్తాడు. అనేక ఆసుపత్రుల నుండి సమాచారము సేకరించి గణాంక పద్ధతులతో పరీక్షిస్తాడు. అతని జవాబు ముందుగా పండితలోకానికి చేరుతుంది.

డి.బి.ఎ. విద్యార్థిని ఆ ఆసుపత్రులలో ఒకదాని నిర్వాహకురాలు. రాత్రి డ్యూటీ నర్సులు ఏడాది తిరగకముందే ఎందుకు వెళ్లిపోతున్నారు, డ్యూటీ పట్టికను మార్చితే ఏమి జరుగుతుంది అన్నది ఆమె ప్రశ్న. ఆమె కూడ అవే సిద్ధాంతాలను చదవాలి, అంతే కఠినంగా సమాచారాన్ని పరీక్షించాలి. అయితే ఆమె జవాబు మొదట తన సంస్థలోను, అటువంటి ఇతర సంస్థలలోను పనికిరావాలి. కర్ట్ లెవిన్ 1940లలో రూపొందించిన క్రియాత్మక పరిశోధన అనే పద్ధతి ఇటువంటివారికి ఎక్కువగా ఉపకరిస్తుంది. మార్పును ప్రవేశపెట్టి, ఫలితాన్ని గమనించి, దానినిబట్టి మరల సవరించుట ఈ పద్ధతిలోని క్రమము.

3. శిక్షణలోని భేదాలు

అమెరికాలో పిహెచ్.డి. సాధారణంగా నాలుగైదేళ్ల పూర్తికాల అధ్యయనము. మంచి సంస్థలు విద్యార్థికి ఉపకారవేతనము ఇస్తాయి. డి.బి.ఎ. ఎక్కువగా ఉద్యోగం చేస్తూ చదివేది. నిర్వహణలో కొన్నేళ్ల అనుభవము అడుగుతారు. రుసుమును విద్యార్థిగాని, అతని సంస్థగాని భరించాలి. బ్రిటన్ విద్యార్హతల చట్రంలో రెండూ ఒకే స్థాయికి, అనగా ఎనిమిదవ స్థాయికి చెందినవి. సిద్ధాంతగ్రంథము, మౌఖిక పరీక్ష రెండింటికీ ఉన్నాయి. కాబట్టి వృత్తిపర పట్టా తక్కువ స్థాయిదనుట అక్కడి నియమాలకు విరుద్ధము.

సొంత సంస్థను పరిశోధించేవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. అధికారి అడిగిన ప్రశ్నకు క్రిందివారు ఉన్నదున్నట్లు చెప్పగలరా? “పనిభారము ఎక్కువగా ఉన్నదా?” అని సూపరింటెండెంటు స్వయంగా అడిగితే నర్సు ఏమని జవాబివ్వగలదు? జవాబులను బయటివ్యక్తి ద్వారా సేకరించడం, పేర్లను గోప్యంగా ఉంచడం, పాల్గొనడానికి నిరాకరించే హక్కు ఇవ్వడం ఇక్కడ తప్పనిసరి. ఈ జాగ్రత్త తీసుకోని పరిశోధన యజమానికి ఇష్టమైన మాటనే తిరిగి అతనికి వినిపిస్తుంది.

4. మన దేశంలోని పరిస్థితి

భారతీయ నిర్వహణ సంస్థలు చాలాకాలము పిహెచ్.డి. బదులు ‘ఫెలో’ అనే అర్హతను ఇచ్చేవి. 2017 నాటి ఐ.ఐ.ఎం. చట్టము 2018 జనవరి 31న అమలులోకి వచ్చిన తరువాత వాటికి పిహెచ్.డి. పట్టా ఇచ్చే అధికారము కలిగింది. హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ అనుభవజ్ఞులైన నిర్వాహకుల కొరకు ఎగ్జిక్యూటివ్ ఫెలో కార్యక్రమాన్ని నడుపుతున్నది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022లో ప్రకటించిన నియమావళి ప్రకారము పిహెచ్.డి.కి కనీసము మూడు సంవత్సరాలు పట్టాలి. ఉద్యోగస్థులు తమ సంస్థ అనుమతితో పార్ట్‌టైముగా చేయవచ్చు. దూరవిద్య ద్వారా, ఆన్‌లైన్ ద్వారా చేయుటకు అనుమతి లేదు. విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు ఇవ్వజూపే ఆన్‌లైన్ పిహెచ్.డి.లకు గుర్తింపు లేదని 2022 అక్టోబరులో యు.జి.సి., ఎ.ఐ.సి.టి.ఇ. కలిసి హెచ్చరించాయి. అంతేకాక 2018 నాటి యు.జి.సి. నిబంధనలు అసోసియేట్ ప్రొఫెసర్ పదవికి కోరేది పిహెచ్.డి. డి.బి.ఎ. పొందినవారు అది పిహెచ్.డి.తో సమానంగా చెల్లునని తమంతట తాము అనుకొనుట ప్రమాదకరము.

5. చేరకముందు వేయవలసిన ప్రశ్నలు

మొదటిది: పట్టా పొందిన తరువాత ఏ పని చేయదలచితిమి? బోధన, పరిశోధన జీవనవృత్తిగా కోరేవారికి మన దేశంలో పిహెచ్.డి. క్షేమము. ఉన్న బాధ్యతలోనే ఉండి దానిని మెరుగుపరచగోరేవారికి మంచి డి.బి.ఎ. తగినది.

రెండవది: మనలను వెంటాడే ప్రశ్న ఏది? అది పుస్తకాలలో పుట్టినదా, పనిస్థలంలో పుట్టినదా?

మూడవది: పట్టా ఇచ్చే సంస్థకు దాని స్వదేశంలో ఆ అధికారము ఉన్నదా? మార్గదర్శకుడు ఎవరు? సిద్ధాంతగ్రంథాన్ని బయటి పరీక్షకులు చదువుతారా?

నాలుగవది: మనము ఆశించే ఉద్యోగం ఇచ్చేవారు ఆ పట్టాను అంగీకరిస్తారా? ఈ జవాబును రుసుము చెల్లించకముందే లిఖితపూర్వకంగా తీసుకోవాలి.

ముగింపు

సిద్ధాంతజ్ఞానానికి, ఆచరణజ్ఞానానికి రెండింటికీ లోకంలో స్థానమున్నది. ఒకదాని కొలబద్దతో రెండవదానిని కొలుచుట తగదు. అయితే రెండింటికీ ఉమ్మడిగా ఒక షరతు ఉన్నది. పరిశోధకుడు తాను ముందే నమ్మినదానికి ఎదురు నిలిచే సాక్ష్యాన్ని కూడ స్వీకరించాలి. ఆ శిక్షణ ఇవ్వని కార్యక్రమము ఏ పేరుతో ఉన్నా, దానిలో వెచ్చించిన సంవత్సరాలు పేరుకు ముందు ఒక మాటను చేర్చునేగాని పనిని మార్చలేవు.