ప్రాకారముల నడుమ కడపటి శుశ్రూష

ఇంగ్లండు దేశమున, బర్క్‌షైరు మండలమందలి క్రౌథార్న్ గ్రామము చెంత, బ్రాడ్‌మూర్ అను వైద్యశాల కలదు. మతి చెడి ఘోరమైన నేరములు చేసినవారిని ఉంచుటకై 1863వ సంవత్సరమున దీనిని తెరచిరి. నాటింగ్‌హామ్‌షైరు మండలమందలి రాంప్టన్, లివర్‌పూల్ నగరమునకు సమీపమందలి ఆష్‌వర్త్ వైద్యశాలలును ఇట్టివే. ఎత్తైన ప్రాకారములు, తలుపు తలుపునకు తాళములు, వచ్చిపోవువారికి సోదాలు చూచినవారు ఇవి కారాగారములే యనుకొందురు. కాని ఇవి ఆ దేశపు జాతీయ ఆరోగ్య సేవకు చెందిన వైద్యశాలలు. తాళపుచెవులు నడుమునకు కట్టుకొని తిరుగువారు నర్సులు. లోపల నున్నవాడు చట్టము దృష్టిలో రోగి.

ఆ రోగులలో కొందరు ఏండ్ల తరబడి అచ్చటనే యుందురు. వారికిని ముదిమి వచ్చును. క్యాన్సరు వచ్చును; గుండె, ఊపిరితిత్తులు చెడును. తీవ్రమైన మానసిక వ్యాధి కలవారు తక్కినవారికంటె సుమారు 15 మొదలు 20 సంవత్సరములు ముందుగానే మరణించుచున్నారని పెక్కు దేశముల పరిశోధనలు తెలుపుచున్నవి. పొగత్రాగుడు, కదలిక లేని జీవితము, కొన్ని మందులవలన కలుగు స్థూలకాయము, మధుమేహము, దేహమునకు వచ్చిన వ్యాధిని ఆలస్యముగా గుర్తించుట అందుకు ముఖ్య కారణములు. ప్రాకారము మనుష్యుని ఆపగలదు, మృత్యువును ఆపజాలదు. అది వచ్చుచున్నదని తెలిసినపుడు ఆ రోగికి ఏమి చేయవలెను?

నయము చేయుటకు వీలులేని రోగికి బాధ తగ్గించి, మిగిలిన దినములు ప్రశాంతముగా గడచునట్లు చూచు వైద్యమునకు ఉపశమన చికిత్స యని పేరు. సిసిలీ సాండర్స్ అను మహిళ 1967లో లండను నగరమున సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించి ఈ వైద్యమునకు నేటి రూపము కల్పించెను. ఆమె మొదట నర్సు, పిమ్మట వైద్యశాలలో సంఘసేవిక, అటుపై వైద్యురాలు. నొప్పి తిరుగబెట్టిన పిదప గాక, తిరుగబెట్టక ముందే వేళ తప్పక మందీయవలెనని ఆమె బోధించెను. బాధ దేహమునకే పరిమితము కాదు. మనస్సునకును, బంధుత్వములకును, ఆత్మకును తగులును. ఆ నాలుగింటిని కలిపి చూడవలెనని ఆమె సిద్ధాంతము. బ్రాడ్‌మూర్ వంటి చోట ఈ నాలుగును విడదీయరానంతగా పెనవేసికొనియుండును.

మొదటి చిక్కు నమ్మకమునకు సంబంధించినది. కడుపులో పాము తిరుగుచున్నదని రోగి మొరపెట్టినచో అది భ్రాంతియా, లేక పేగులో పెరుగుచున్న పుండా? మానసిక వ్యాధి పేరు ఒకసారి కాగితమున కెక్కిన పిమ్మట, రోగి చెప్పు ప్రతి బాధను ఆ పేరు క్రిందనే జమకట్టు అలవాటు వైద్యులలో సైతము కలదు. మరికొందరు రోగులు నొప్పి యున్నను నోరు విప్పరు. అట్టివాని బాధను కనిపెట్టగలది ఏండ్ల తరబడి అతనిని చూచుచున్న నర్సు. అతడు తేనీరు త్రాగక వదలెననియు, నడకలో ఒక ప్రక్కకు ఒరగుచున్నాడనియు మొదట గ్రహించునది ఆమెయే. ఆ పరిచయమునకు సాటివచ్చు పరీక్షాయంత్రము లేదు.

రెండవ చిక్కు మందులది. మార్ఫీను నొప్పిని అణచును గాని మలబద్ధకము కలిగించును. ఇతర మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇచ్చు క్లోజపీను సైతము పేగుల కదలికను మందగింపజేయును. అది ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమగును. రెండును ఒక్క దేహమున కలిసినపుడు విరేచనము సంగతి ప్రతిదినము విచారింపవలెను. వింత యేమనగా, బెల్జియము దేశమున 1958లో తయారై ఉన్మాద చికిత్సలో ప్రసిద్ధికెక్కిన హలోపెరిడాలునే ఉపశమన వైద్యులు కొద్దిపాటి మోతాదులో వాంతులు తగ్గించుటకు వాడుచున్నారు. కావున ఇరువురు వైద్యులును ఒకే మంచము కడ కూర్చుండి మాటాడుకొననిచో ఒకరి వైద్యమును మరొకరు చెరచు ప్రమాదము కలదు.

మూడవ చిక్కు కాపలాది. చర్మము క్రింద సూది గ్రుచ్చి మందును కొంచెము కొంచెముగా ఎక్కించు చిన్న యంత్రము ఇతర వైద్యశాలలలో సామాన్య వస్తువు. భోజనమైన పిదప చెంచాలను సైతము లెక్కపెట్టి తీసికొను చోట సూది, గొట్టము, బ్యాటరీ కలిగిన యంత్రము సామాన్యము కాదు. మార్ఫీనును ఎవరైన దొంగిలింతురేమో, బెదరించి లాగుకొందురేమో యను భయమును నిరాధారము కాదు. ఇక బయటి వైద్యశాలకు పంపవలెనన్నచో, న్యాయస్థానము ప్రత్యేక నిర్బంధము విధించిన రోగి విషయమున, 1983 నాటి మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము ప్రభుత్వ మంత్రి సమ్మతి కావలెను. నొప్పి సమ్మతికై వేచియుండదు. అందుచేత వ్యాధి ముదురక మునుపే ఏ గదిలో ఉంచవలెను, రాత్రివేళ తలుపు తెరచువారెవరు, మందు ఎచ్చట నిలువయుండవలెను అను సంగతులన్నియు నిర్ణయించుకొనుట ఇచ్చట వైద్యములో భాగము.

కాపలా కూడ ప్రమాదమును కొలిచి పెట్టవలసినదే గాని అలవాటు కొలది పెట్టదగినది కాదు. లుకేమియాతో బాధపడుచున్న ఫ్రాన్సు దేశపు ఖైదీ నొకనిని సంకెళ్ళతో చికిత్సకు గొనిపోవుచుండిరి. అతని దేహస్థితికి ఆ సంకెళ్ళు తగవనియు, అతనిని నిర్బంధమున ఉంచిన తీరు అమానుషమనియు స్ట్రాస్‌బర్గ్ నందలి ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము 2002లో తీర్పు చెప్పెను.

నాల్గవది, నిర్ణయము ఎవరిదను ప్రశ్న. బ్రాడ్‌మూర్ రోగి యొకనికి 68వ యేట పాదము కుళ్ళెను. మోకాలి దిగువ కాలు తీసివేయనిచో బ్రదుకుట దుర్లభమని శస్త్రవైద్యుడు చెప్పెను. ఆ రోగి స్కిజోఫ్రీనియా కలవాడు. తానొక గొప్ప వైద్యుడనను భ్రాంతి కలవాడు. అతడు కాలు తీయుటకు ఒప్పుకొనలేదు. ఇతర చికిత్సతో తక్షణాపాయము తప్పినను, ముందు ముందు తన సమ్మతి లేక కాలు తీయకుండ ఆజ్ఞ కోరి న్యాయస్థానమునకు వచ్చెను. చెప్పినదానిని గ్రహించి జ్ఞాపకముంచుకొనగలడా, దానిని నమ్మగలడా, మంచిచెడ్డలు తూచి నిర్ణయింపగలడా యని న్యాయమూర్తి విచారించెను. భ్రాంతి యున్నను ఈ విషయమున అతనికి నిర్ణయశక్తి కలదని తేల్చి, 1993లో ఆ ఆజ్ఞ దయచేసెను. మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమును ఈ త్రోవలోనే నడచినది. రోగి నిర్ణయము ఇతరులకు తప్పుగా తోచినంతమాత్రమున అతనికి నిర్ణయశక్తి లేదనరాదని దాని నాలుగవ సెక్షను చెప్పుచున్నది.

ఇంత శ్రమ హంతకునికై ఎందుకని అడుగువారు లేకపోలేదు. అతని చేతిలో చనిపోయినవారికి కడసారి నీరు పోసినవారెవరని వారి ప్రశ్న. ఆ ప్రశ్నను తోసిపుచ్చరాదు. ఒక్కొక్కప్పుడు హతులైనవారు ఆ రోగి తల్లియో, తోబుట్టువో యైయుందురు. అందుచేతనే మరణశయ్యకడకు వచ్చు బంధువు ఉండకపోవచ్చును. అయినను న్యాయస్థానము వానిని పంపినది వైద్యమునకు. నొప్పి అనుభవింపవలెనని ఏ తీర్పులోను వ్రాయబడలేదు. మందు నిలిపివేసినంతమాత్రమున చనిపోయినవారికి దక్కున దేదియు లేదు. నిలిపివేసిన చేయి మాత్రము క్రూరమగును.

బంధువులు లేని చోట ప్రక్కగది రోగులే బంధువులు. పది పదునైదేండ్లు ఒకే బల్లకడ భుజించినవాడు పోయినపుడు వారికిని దుఃఖము కలుగును. ఆ దుఃఖమును చూచుకొనుటయు ఈ శుశ్రూషలో చేరినదే.

ఇంగ్లండులో 2009 నాటి చట్టము ప్రకారము, ప్రభుత్వ నిర్బంధమున ఉన్నవాడు మరణించినచో, అది సహజ మరణమే యైనను, కారొనరు అను అధికారి విచారణ జరుపవలెను. రాత్రియంతయు చేయి పట్టుకొని కూర్చుండిన నర్సు తెల్లవారిన పిమ్మట సాక్ష్యము చెప్పవలసి రావచ్చును. రోగి ఎప్పుడు బాధ చెప్పెను, ఎవరు విని నమ్మిరి, ఎంతసేపటికి మందు అందెను అని ఆమెను అడుగుదురు. ప్రాకారముల బయట మరణించిన పెక్కుమంది విషయమున ఈ ప్రశ్నలు అడుగువారే యుండరు.