మేడ మీద ఏ కూరలు వేద్దాం?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల్లో చాలా ఇళ్లకు పెరడు లేదు, మేడ మాత్రం ఉంది. "సరూర్‌నగర్ రైతుబజారు ఉండగా కుండీలెందుకండీ?" అని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. ఉల్లి, బంగాళాదుంప అక్కడే కొనండి. ఆకుకూరలు మాత్రం ఇంట్లో పెంచుకోండి. మూసీ వెంట మురుగునీటితో ఆకుకూరలు పండించే చోట్లున్నాయి. కట్టను చూసి అది ఏ నీటితో పెరిగిందో చెప్పలేం.

రక్తహీనత ఉన్న తల్లులకు, పిల్లలకు మేము మొదట చెప్పేది తోటకూర. అన్ని కాలాల్లో వస్తుంది, విత్తిన 25-30 రోజులకే కోయవచ్చు. వండిన కూరలో నిమ్మరసం పిండితే ఐరన్ బాగా ఒంటపడుతుంది. భోజనం కాగానే టీ తాగవద్దు. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మానవద్దు.

మెంతికూర, కొత్తిమీర చలికాలంలో వేయండి. బెండ, గోరుచిక్కుడు తొలకరికి వేయండి. ఎండలకు గోంగూర, బచ్చలి తట్టుకుంటాయి.

కిడ్నీ జబ్బు, కిడ్నీలో రాళ్లు ఉన్నవారు, రక్తం పలచబడేందుకు మాత్రలు వాడేవారు ఏ ఆకుకూర ఎంత తినాలో ముందుగా డాక్టరును అడగండి.

కుండీ కింద పళ్లెంలో నీరు నిలిస్తే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. వారానికొకసారి పారబోసి, రుద్ది ఆరబెట్టండి.

ముందు ఒక్క తోటకూర కుండీతో మొదలుపెట్టండి.