నూనె మరక - అసలు చోటు

కారు ముందు భాగం కింద నూనె మరక కనబడితే, దానికి సరిగ్గా పైనే లోపం వున్నదనుకోరాదు. ఫాను గాలి నూనెను వెనక్కు తరుముతుంది. అది జారి మరెక్కడో బొట్టు కడుతుంది.

మా నరసరావుపేటలో ఒక పాత అంబాసిడర్‌కు మేస్త్రీ చేసిన పరీక్ష చూశాను. చల్లారిన ఇంజనును కిరసనాయిలుతో కడిగి, తుడిచి, పది నిమిషాలు నడిపి ఆపాడు. టార్చి వేసి చూస్తే పైమూత, టైమింగు మూత అంచులు పొడిగానే వున్నాయి. క్రాంకు పుల్లీ వెనక మాత్రం తడి.

"సీలు పోయిందండీ. కాని ముందు బ్రీదరు గొట్టం చూడాలి. అది పూడితే లోపలి వత్తిడి కొత్త సీలునూ వుండనివ్వదు" అన్నాడు.

అశ్రద్ధ చేస్తే నూనె బెల్టును తడుపుతుంది. బెల్టు జారితే నీళ్ల పంపు మందగిస్తుంది. మండువేసవిలో మాచర్ల దారిన ఇంజను కాగిపోవడానికి అంతకంటె యేం కావాలి? కనుక తుడిపించి, మూలం చూచి, ఆ తరువాతనే స్పానరు పట్టించండి.